పదకొండో ప్రశ్న

వాల్దివియాలో జూన్ నెల వాన ఆగదు,
మధ్యమధ్య ఊపిరి పీల్చుకుంటుంది.
ఆ సందులో వచ్చాడతను.
మూడుసార్లు రాయించుకుని రెండుసార్లు ఎగ్గొట్టిన పేరు,
ఎలియాసర్ ఒయార్సో,
అటవీ ఇంజనీరింగు, రెండో ఏడు.

గది తడుస్తుందేమోనని
గుమ్మంలోనే నిలబడ్డాడు.

నా గది గొప్పదేం కాదు.
ఒకప్పటి జిరాక్సు గది, గోడలకింకా సిరా వాసన.
కట్టెల పొయ్యి, రెండు కుర్చీలు,
బల్ల మీద 'వెల్‌నెస్ కోచ్' అని ఒక చెక్కముక్క.
ఆ మాట నాకే ఇంకా నోరు తిరగదు.
ఇరవై రెండేళ్ళు నది మీద అరిచినదాన్ని,
తెడ్లవాళ్ళకి ఎదురుగా కూర్చుని లెక్క చెప్పినదాన్ని:
ముంచు, లాగు, వదులు.
మోకాళ్ళు అరిగాక
విశ్వవిద్యాలయం నన్నిక్కడ కూర్చోబెట్టి
పద్నాలుగు ప్రశ్నల కాగితం చేతికిచ్చింది.

రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నావు?
"పోతున్నాను."
ఎన్ని?
భుజాలెగరేశాడు.
నీ ఆందోళనకి పదికి ఎన్ని మార్కులు వేస్తావు?
"మార్కులా?" అన్నాడు,
మొహంలో మొదటిసారి నవ్వులాంటిది కదిలింది,
"అవి తక్కువయ్యే కదండీ నన్నిక్కడికి పంపారు."

పెన్ను కింద పెట్టాను.

అప్పుడు కనబడ్డాయి బూట్లు.
ఎడమదాని అడుగు ఊడింది,
మేజోడుకీ బూటుకీ మధ్య
రొట్టెల దుకాణం ప్లాస్టిక్ సంచి.
"విప్పు" అన్నాను, పడవ మీది గొంతుతో.
మారుమాటాడకుండా విప్పాడు,
ఆ గొంతు కోసమే చూస్తున్నట్టు.

పొయ్యి ముందు బూట్లు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి.
ఆవిరి లేచింది, దాంతో చేపల రేవు లేచింది.

"తెల్లవారుజామున మూడున్నరకి వెళ్తాను,
పెట్టెలు దించడానికి" అన్నాడు నిప్పుకేసి చూస్తూ.
"కోసేసిన తలకాయలు సముద్రసింహాలకి విసిరేది నేనే.
నా అడుగుల చప్పుడు వాటికి తెలుసు.
తరగతిలో నా పేరు పిలిస్తే మాత్రం
ఇంకెవరినో అనుకుంటాను."

నా కాగితంలో దీనికి గడి లేదు.

పదకొండో ప్రశ్న ఉంది:
అయిదేళ్ళ తర్వాత ఎక్కడుండాలనుకుంటున్నావు?
దాన్ని నేనెవరినీ అడగను.
తెడ్డు వేసేవాడు
వెళ్ళే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటాడు.
అతనికి కనిపించేది దాటొచ్చిన నీళ్ళు,
లెక్క చెప్పే మనిషి మొహం.
రేవెక్కడుందో చూసుకునే పని ఆ మనిషిది.

ఇదంతా చెబుదామని తలెత్తేసరికి
నిద్రపోయాడు,
నోరు కాస్త తెరుచుకుని, తన బూట్లలాగే.

నలభై నిమిషాల్లో ఇరవై ఆరు మిగిలున్నాయి.
లేపి శ్వాస వ్యాయామం చేయించాలి నిజానికి.
నాలుగంకెలు పీల్చు, ఏడంకెలు పట్టు.
అతను తనకొచ్చినట్టు పీలుస్తున్నాడు.
పాత అలవాటు కొద్దీ లెక్కపెట్టాను,
నిమిషానికి పద్నాలుగు.
పందెం అయిపోయాక
గెలిచారో ఓడారో మరిచిపోయి
పడవని ఒడ్డుకి తెచ్చుకునే వేగం అది.

చేపల పెట్టెలు నేను మోయలేను.
అద్దె తగ్గించలేను.
ఎనిమిదింటి తరగతి సాయంత్రానికి మార్చమని
వాళ్ళ ప్రొఫెసరుకి ఉత్తరం మొదలుపెట్టి,
'దయచేసి' అన్న మాట రెండుసార్లొచ్చిందని
ఒకటి కొట్టేశాను.
తర్వాత మళ్ళీ రాశాను.

తలుపు తోసుకొచ్చింది తర్వాతి పిల్ల, రోసెండా.
పెదవుల మీద వేలు పెట్టి చూపించాను.
ఆమె అతన్ని చూసింది, పొయ్యిని చూసింది,
నేనేమీ అనకుండానే
తన బూట్లు విప్పి ఆ పక్కన పెట్టి
నేల మీద కూర్చుంది.

నెలాఖరుకి డైరెక్టరు గారికి నివేదిక పంపాలి.
'సాధించిన ఫలితం' అన్న గడిలో
చాలాసేపు పెన్ను ఆనించి,
కుడి బూటు ఆరింది, అని రాశాను.
ఎడమది ఇంకా లేదు.