పొల్లు

సోంపేట ఆస్పత్రి, డయాలసిస్ గది, మూడో షిఫ్టు.
ఆరు మంచాలు, ఆరు యంత్రాలు,
గోడవారగా నా పాత కంప్యూటరు.

కంపెనీవాడు ఇచ్చిన ప్రోగ్రాము ఒకటుంది.
పిలిస్తే పలుకుతుంది, పలికితే ఆగదు.
సెకనుకో వరస:
ఒత్తిడి ఇంత, వేడి ఇంత, అంతా బాగుంది,
అంతా బాగుంది, అంతా బాగుంది.
ఆ బాగుల్లో బాగులేనిది ఎక్కడుందో
డాక్టరు కళ్ళజోడు నుదుటికెత్తి వెతుక్కోవాలి.

అందుకని స్క్రిప్టు రాశాను, పదకొండు వరసలు.
నా కింద దాన్ని పిల్లలా పుట్టించి
నోటికి గొట్టం తగిలించి
వచ్చిన మాటల్లో అలారం ఉన్నదాన్నే
తెర మీదికి వదిలాను.

మొదటి రాత్రి ఏమీ రాలేదు.
మూగదైపోయిందా అనుకున్నాను.
కాదు, బుగ్గన పెట్టుక్కూచుంది.
నాలుగు వేల అక్షరాలు నిండితేగాని ఉమ్మదట.
ఏ వరసకావరస ఉమ్మమని చెప్పాను.
తిట్లు మాత్రం వేరే గొట్టంలో పోతున్నాయి,
దాన్నీ తెచ్చి ఇందులో కలిపాను.
పొల్లు పోకుండా పట్టి
పొల్లు లేకుండా చెరిగాను.
తెర నల్లగా, ఖాళీగా మెరిసింది.
"ఎంత హాయో" అంది సిస్టరు.

నాలుగో మంచం దున్న లోలాక్షిది.
ఎడమచెయ్యి సూదులకిచ్చేసి
కుడిచేత్తో గాలిని కదుపుతూ
నాలుగు గంటలూ మాట్లాడుతుంది:
జీడిపిక్కల ధర, కోడలి మేనత్త,
"సెయ్యి జుమ్మంతంది బావూ",
బారువ సముద్రం హోరు, మళ్ళీ జీడిపిక్కలు.
రిజిస్టర్లో నేను రాసేది: ఫిర్యాదులు లేవు.

"ఆ పెట్టితో ఏటి బావూ కుస్తీ?"
నాకొచ్చిన మాటల్లో చెప్పాను.
"సెరగడమే గదేటి!
పొల్లు బేగి పారబోసీకు.
ముందు కోళ్ళకేసి సూడు.
అవి ముక్కెట్టిన కాడ నూకలున్నట్టు."

ఆ రాత్రే తోసేసిన వరసలకి
ఒక ఫైలు తెరిచాను. పేరు పొల్లు.

ఆమె మళ్ళీ వచ్చి వెళ్ళాక
టీ చల్లారేదాకా కోడినై కెలికాను.
పద్నాలుగు వేల అంతా బాగుందిల నడుమ
ఒక్కటి, తొమ్మిదీ పద్నాలుగుకి, నాలుగో మంచం:
అలారం, ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లో.
నేను కాపలా పెట్టింది పెద్దబడికి.
మన అక్షరాలకి లేని చిక్కు.

రెండు బళ్ళూ ఒకటేనని స్క్రిప్టుకి నేర్పడం
అరనిమిషం పని.

రిజిస్టరు ముందేసుకున్నాను.
తొమ్మిదీ పద్నాలుగుకి ఏమంది?
జీడిపిక్కలంది. కోడలంది.
తరవాత సముద్రం.
మధ్యలో ఏదో అంది.
దానికి ఫైలు లేదు.