ఖాళీ డబ్బా

మటుజీన్యుష్ రేవులో
సార్డీన్ చేపల ఫ్యాక్టరీ ఆరింటికి మూస్తారు.
ఏడింటికి ఎతెల్వీనా రాత్రిబడికి వస్తుంది,
చేతులు నిమ్మతొక్కతో రుద్దుకుని.
అయినా నోటుబుక్కుకి నీచు వాసనే.

యాభై నాలుగేళ్లు. ముందు బెంచీ.
బల్తజార్ మాస్టారు ఆమె వయసులో సరిగ్గా సగం,
ఆ లెక్క ఆమే కట్టింది.

బోర్డు మీద బహుపది:
ఎక్స్ ఘనాలు మూడు, ఎక్స్ వర్గాలు రెండు,
మళ్లీ ఎక్స్ ఘనాలు నాలుగు.
"వీటిలో ఏవి కలుస్తాయి?"
ఆమెకు నవ్వొచ్చింది.
ముప్పై ఏళ్లుగా బెల్టు పక్కన నిలబడి చేస్తున్నది అదేగా,
జానెడు చేప జానెడు చేపలతో,
బెత్తెడు చేప బెత్తెడు చేపలతో.
మూడూ నాలుగూ ఏడు ఘనాలు.
వర్గాల జోలికి పోకూడదు.

పదం అంటే మాట. పదం అంటే అడుగు.
ఇక్కడ పదం అంటే ఒక గుణకం, ఒక ఘాతం,
మెట్టు మెట్టుగా దిగి దిగి
చివర్న ఎక్స్ అంటని ఒంటరి అంకె.
ఎక్స్ సున్నా అయిన రోజున
అందరూ మాయమై అదొక్కటే నిలుస్తుందట.
ఎక్స్ వేలల్లోకి పోయిందా,
పెద్ద ఘాతం గొంతే గొంతు, తక్కినవి గుసగుసలు.
ఎతెల్వీనా ఆ చివరి అంకె కింద గీత గీసుకుంది.
సూపర్‌వైజరు రాని రోజులు గుర్తొచ్చాయి కాబోలు.

బుధవారం భాగహారం.
ఎక్స్ ఘనం మైనస్ ఎనిమిదిని
ఎక్స్ మైనస్ రెండుతో.
మూడుసార్లు చేసింది, మూడు వేర్వేరు శేషాలు.
చెరిపి చెరిపి కాగితం చిరిగింది.
మాస్టారు వంగి, ఘనానికీ ఎనిమిదికీ నడుమ
సున్నా ఎక్స్ వర్గాలు, సున్నా ఎక్స్‌లు
అని ఇరికించి రాశాడు.
"లేనివాటిని రాయడమెందుకు?"
"లేకపోయినా వాటి చోటు వాటిదే."

ఆమె కాసేపు మాట్లాడలేదు.
బెల్టు మీద ఖాళీ డబ్బా వస్తే తీసెయ్యొద్దని
మొదటిరోజే గ్రసీందా చెప్పింది,
తీశావంటే మూతలన్నీ ఒకటి తప్పి పడతాయని.
గ్రసీందా మానేసి రెండేళ్లు.
ఆమె నిలబడే చోట ఇంకా ఎవరూ నిలబడరు.

ఈసారి శేషం సున్నా.
మూత టక్కున పడ్డట్టు.

"మూడో ఘాతం కదా, మూడు మూలాలుండాలి.
రెండు ఒకటే దొరికింది. మిగతావి?"
"మూడుకు మించవన్నాను, అంతే."
వక్రరేఖ గీసి చూపించాడు,
అది అక్షాన్ని ఒక్కచోటే దాటింది.

ఆమెకు నమ్మకం కుదరలేదు.
తొమ్మిదిన్నర బస్సులో, కిటికీ అద్దం ఆవిరి మీద
ఆ గీతనే వేలితో మళ్లీ గీసి
అటూ ఇటూ వెతుకుతూ కూర్చుంది.
దిగాల్సిన స్టాపు దాటిపోయింది.