నాలుగో మొన

ఈరీలో నవంబరు వచ్చిందంటే
సరస్సు మీంచి మంచు అడ్డంగా కొడుతుంది.
హీటరు గాలికి నా పెదాలు పగిలినా ఊరుకుంటాను గానీ
అల్మరాలోని పదకొండు కర్రల దగ్గర
గిన్నెతో నీళ్లు పెడతాను.
"పిల్లికి పాలు పెట్టినట్టుంది" అంటాడు మా ఆయన.
అననీ.

పూల్ ఆడే కర్రలు. నా ఆట అంతంత మాత్రం.
తొమ్మిదో బంతి జేబు అంచు దాకా వెళ్లి
నా మొహం చూసి ఆగిపోతుంది.
కానీ కర్రని వంటింటి గట్టు మీద దొర్లించి
వంకర ఎక్కడుందో చెవితో చెప్పేస్తాను.
ఆసుపత్రిలో ఎముకలకి ఎక్స్‌రేలు తీస్తాను మరి,
పగులు ఎక్కడ దాక్కుంటుందో తెలుసు.

ఒకసారి రాత్రి డ్యూటీలో, ఎవరూ లేనప్పుడు,
ఒక కర్రనీ పడుకోబెట్టాను ఆ మిషను కింద.
తెర మీద మేపుల్ పొగలా తేలింది.
మధ్యలో ఉక్కు మర ఒక్కటే
తెల్లగా, వెన్నుపూసలా.
పేషెంటు పేరు అడిగింది కంప్యూటరు.
బోరెక్ అని కొట్టాను.
కొట్టి, చెరిపేశాను.

బోరెక్ పోయి నలభై ఏళ్లు.
చేసినవి రెండొందలైనా ఉండవంటారు.
ఒక్కటి కొనాలన్నా ఇల్లు కుదువ పెట్టాలి.
అందుకే నా దగ్గరున్నవన్నీ
ఆయన్ని తలుచుకుని ఇంకొకరు చేసినవి.
నకళ్లు అనకండి.
నకలు పేరు దాచుకుంటుంది.
ఇవి అడుగున, రబ్బరు బొడిపె పక్కన,
చేసినవాడి పేరూ తలిచినవాడి పేరూ
రెండూ మోస్తాయి.

అంబ్రోస్ టిల్‌మన్ షెడ్డు మా వీధి చివర,
టైర్ల కొట్టు దాటాక.
రైలింజన్ల కార్ఖానాలో ముప్ఫై ఆరేళ్లు
లేత్ ముందు నిలబడ్డ మనిషి.
బోరెక్‌ని ఎన్నడూ చూడలేదు.
ఏదో బార్లో ఎవరిదో కర్ర అరగంట అరువడిగి
కాగితం చుట్టి, పెన్సిలుతో రుద్ది
కొలతలు ఎత్తుకున్నాడట.
అంతే చదువు.

పోయిన గురువారం కొత్తది నా చేతిలో పెట్టాడు.
నల్లచేవ మొనలు నాలుగు మేపుల్‌లోకి దిగి,
ఒక్కో మొనకీ ఆకుపచ్చ, నారింజ అంచులు
జరీ పోగంత సన్నంగా.
పట్టు దగ్గర చుట్టిన నారదారం
గోటికి తగలదు.
మూడు మొనలు సమానం. నాలుగోది
వడ్లగింజంత పొట్టి.

"తప్పు కదా?" అన్నాను.
"అవును. ఆయన తప్పు.
అన్నిట్లోనూ ఉంటుంది. బెల్టు జారేదో, కన్ను జారేదో.
ఒకసారి సరిచేసి చూశాను.
అందంగా వచ్చింది.
ఆయన మాత్రం రాలేదు."

ఇంటికొచ్చి గట్టు మీద దొర్లించాను.
నిటారు. కొనదాకా ఒకటే శ్రుతి.
అప్పుడు పడింది కంట్లో:
పట్టు కింద ముత్యపుచిప్ప చుక్కలు ఐదు,
అందులో ఒకటి వెంట్రుకవాసి పక్కకి.
బోరెక్ కర్రల్లో అలా ఉండదు.
దొరికిన ఫోటోలన్నీ భూతద్దంతో చూసినదాన్ని,
నాకు తెలుసు.
కాఫీ అందిస్తున్నప్పుడు సాసరు మీద కప్పు
అదే పనిగా చేసిన చప్పుడు గుర్తొచ్చింది.

ఫోన్ చేశాను. బాగా కుదిరిందన్నాను.
"మొన మళ్లీ చూశావా?" అన్నాడు.
చూశానన్నాను.
చుక్క సంగతి ఎత్తలేదు.

రాత్రి ఒక కాగితం చుట్టి
పెన్సిలుతో మెల్లగా రుద్దాను.
ఐదు చుక్కలూ లేచాయి, ఆ ఒక్కటీ
తన పక్కకి తానే.
డ్రాయర్లో పెట్టాను. ఎవరి కోసమో తెలీదు.

పన్నెండోదానికి అల్మరాలో చోటు చెయ్యాలి.
గిన్నెలో నీళ్లు అప్పుడే సగమైనాయి.