ఊడ్చిన వాకిలి

ఇల్లు లేదు. ఇంటి మరక ఉంది.
కరొలైనా ఇసుకలో నల్లటి గుండ్రాలు నాలుగు,
గుంజలు పుచ్చి మట్టిలో మట్టయిపోయి
రంగు మాత్రం వదిలేసిన చోట్లు.
టేపు పట్టి కొలిచాను.
పన్నెండడుగులు, పదహారడుగులు.
పొయ్యి, పడక, కాన్పు, చావు
అన్నీ ఇందులోనే.

ఎగువన దొర మేడ నిలిచే ఉంది.
శనివారాలు అక్కడ పెళ్లిళ్లు.
గుడారాల కింద వయొలిన్లు మోగుతుంటే
మేమిక్కడ గొంతుక్కూర్చుని
తాపీలతో మట్టి గీకుతుంటాం.

దొర ఖాతాలో ఈ ఇంటికి ఒకే వరుస:
"బైనా, వరి చెరిగే మనిషి. పిల్లలు ఇద్దరు. గొంగళి ఒకటి."
గొంగళి ఖరీదు రాశాడు.
బైనా ఖరీదూ రాశాడు,
పక్క గడిలో, అదే సిరాతో.

మూడో వారం పొయ్యి దగ్గర
చేప ముళ్లు, కుండ పెంకు,
పెంకు మీద బొటనవేలి నొక్కు.
నా వేలు ఆనించి చూశాను. పట్టలేదు.
ఎవరో పదేళ్ల పిల్లది.

వాకిట్లో మాత్రం ఏమీ లేదు.
అయిదు గుంటల మట్టి జల్లెడ పట్టాం.
మేకు లేదు, ఎముక లేదు, నీలి పూస లేదు.
నోటుబుక్కులో రాసేశాను: ఖాళీ.

ఆ మధ్యాహ్నం కెజాయా వచ్చింది.
రోడ్డవతల చర్చి పక్కన ఉంటుంది, ఎనభై దాటాయి,
చేతిలో ఉడకేసిన వేరుశనక్కాయల పొట్లం.
గుంట అంచున చెప్పు విడిచి
పాదంతో నేలని రాసి చూసింది.

"ఖాళీ ఏంటమ్మా, ఊడ్చారు.
మా అమ్మమ్మ గడ్డిపోచ మొలవనిచ్చేది కాదు.
కొమ్మల చీపురుతో చారలు పడేట్టు ఊడ్చేది.
రాత్రి పామొచ్చినా మనిషొచ్చినా
పొద్దున్నే జాడ తెలిసిపోవాలి."

ఆ మాట కొట్టేశాను.
దాని చోట ఏం రాయాలో తోచలేదు.

చీకటితో మడిలో దిగి,
మోకాటి లోతు నీళ్లలో నానిన కాళ్లతో
చీకటి పడ్డాక తిరిగొచ్చే మనిషికి
వంగి ఊడ్చే పొద్దు ఎక్కడ దొరికిందో.
మడి అతనిది. తూము అతనిది.
గింజ, చేట, రోకలి అతనివి.
పిల్లలూ తనవేనని రాసుకున్నాడు.
ఈ మూడు బారల మట్టిని మాత్రం
ఎవరూ చెప్పకుండా ఊడ్చింది,
రోజూ.

సాయంత్రం గుంటలు పూడ్చాం.
నేల నిండా మా బూట్ల అచ్చులు.
కెజాయా చేతిలోంచి తొక్క ఒకటి జారిపడింది.
నడుం పట్టుకుని, మెల్లగా వంగి,
ఏరుకుని జేబులో వేసుకుంది.