ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు

ముందు ఒక ఈల, తర్వాత ఒక కీచు,
ఆ తర్వాత రేకు మీద ఇసక పోసినట్టు గరగర.
ఆ పైన ఏమీ లేదు.
"కలిసింది" అనేదట హెల్వే,
పెళ్లి సంబంధం కుదిరినంత సంబరంగా.

హియుమా దీవి, ఎమ్మాస్తే లైబ్రరీ,
తొంభై ఎనిమిది మార్చి.
కిటికీ అవతల సముద్రం గడ్డకట్టి ఉంది.
ఊళ్లో ఆ గదికి ఫోను తీగ ఒక్కటే:
మోడెం మాట్లాడుతుంటే మనుషులు నోరు మూసుకోవాలి.

ఆ రాత్రి హెల్సింకీ నుంచి రావలసింది
నీటి అడుగు రాళ్ల పటం.
పాత పటంలో లేని రాయొకటి
అంతకుముందు అక్టోబరులో రెండు పడవల కడుపులు చీల్చింది.
నూట ఇరవై ఆరు మెగాబైట్లు.
తీగలో పట్టేది సెకనుకి ముప్పై మూడు వేల ఆరువందల బిట్లు,
గింజ తర్వాత గింజ, చీమల బారు.
తెర మీద అంకె పదకొండు నుంచి పన్నెండుకి ఎక్కడానికి
అయిదు నిమిషాలు.

మధ్యలో ఎవరైనా మరిచిపోయి రిసీవర్ ఎత్తారంటే
మళ్లీ మొదటికి.
అందుకని దాన్ని నల్లటేపుతో చుట్టేసి
ఎదురుగా కుర్చీ వేసుక్కూర్చున్నాడు నాన్న,
ఆర్డో, చేపల పడవ మనిషి,
పొయ్యి మీది పాలను కాసినట్టు ఫోనుని కాస్తూ.
హెల్వే తెర ముందు కూర్చుని
బూడిదరంగు ఉన్నితో చేతితొడుగు మొదలుపెట్టింది.

అక్కడ, ముప్పై కిలోమీటర్ల అవతల, కార్ద్లా ఆసుపత్రిలో
పరీక్షలకని చేరిన అమ్మకి
నెల ముందే నొప్పులొచ్చాయి.
నర్సు లైబ్రరీకి ఫోన్ చేసింది. ఎంగేజ్.
కాసేపాగి చేసింది. ఎంగేజ్.
పదకొండున్నరకి నేను పుట్టాను.
ఎంగేజ్.

"ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం."
ఆ కబురు బరువెంతని?
ఆ ముసలి మోడెం కూడా రెప్పపాటులో మోసేసేది.
దారికి అడ్డంగా సముద్రం పరుచుకుని ఉంది, అంతే.

తెల్లవారుజామున అయిదూ ఇరవైకి నూరు నిండింది.
నాన్న టేపు ఊడదీశాడో లేదో
అరచేతి కింద ఫోను మోగింది.
నర్సు నోరు తెరవకముందే
"వచ్చేసింది! మొత్తం వచ్చేసింది!" అని అరిచాడట.
"మీకెవరు చెప్పారు?" అందట ఆవిడ.

ఇప్పుడు నాకు ఇరవై ఏడు.
గోడలకి కన్నాలు వేసి తీగలు లాగడం నా పని.
మొన్న అదే లైబ్రరీకి, అదే కిటికీ కిందుగా
నీలం తీగ బిగించాను, సెకనుకి వందకోట్ల బిట్లు.
చూసుకోవడానికి అదే పటం తెప్పించాను.
హెల్వే వచ్చింది, ఎనభై ఏళ్ల మనిషి,
సంచిలో ఉన్ని, సూదులు.
కుర్చీ సర్దుకుని, కళ్లద్దాలు తుడుచుకుని,
"ఇక నొక్కు" అంది.
"వచ్చేసింది."
"ఏది, కూతే పెట్టలేదే?"
మొదటి ముడి వేయడానికి ఎత్తిన సూది
అలాగే గాల్లో ఉండిపోయింది.

కాగితం మీద లెక్క వేసి చూపించాను:
ముప్పై వేల రెట్లు.
అమ్మ నొప్పులు, నాన్న కాపలా, నర్సు వేలు నొప్పెట్టిన ఫోన్లు,
నా మొదటి ఏడుపు, నా మొదటి నిద్ర,
అన్నీ పట్టిన రాత్రి
ఒక్క సెకను.

ఆమె కాగితం వంక చూడలేదు.
సంచి అడుగునుంచి పాత తొడుగొకటి తీసింది,
ఒక్క చేతిది, బొటనవేలు లేదు.
"ఫోను మోగేసరికి ఇక్కడిదాకా వచ్చాను.
అలాంటి రాత్రి ఇంకొకటి ఇస్తే రెండోది కూడా అల్లేస్తాను."

ఇద్దామనే ఉంది.
కానీ ఈ తీగ మీద అంతసేపు పట్టాలంటే
ముప్పై వేల పటాలు తెప్పించాలి.
అన్ని రాళ్లు లేవు మా సముద్రంలో.