తొవ్వ గుర్తులు

ఓదెలు సారు పోయిన పదిహేనో నాడు
వాళ్ల బిడ్డ సుగుణక్క నన్ను పిలిచి
బియ్యం సంచిల కట్టిన నోటుబుక్కులు చేతిల పెట్టింది.
"నాయిన పాటలు.
నాకు సదువొస్తది గని పాట రాదు,
నీకైతే రెండూ అంతంతే,
గందుకే నీకిస్తున్న" అని
ఏడ్చిన మొహంతోనే నవ్వింది.

ఆరో తరగతిల మాకు సోషల్ చెప్పిండు సారు.
బట్ట మ్యాపు మేకుకు తగిలేసి
చింతబరిగెతోని నది ఎంబడి పోయేటోడు,
బరిగె యాడ ఆగితే ఆడి పాట అందుకునేటోడు.
బ్రహ్మపుత్ర కాడ పడవోని పాట,
కచ్ కాడ ఒంటెలు కాసేటామె పాట.
ఒక్క ముక్క సమజు కాకున్నా
బెంచీల కింద మా కాళ్లు ఊగేవి.
హెడ్మాస్టరు కిటికీల నుంచి తొంగి చూస్తే
"ప్రధాన పంటలు చెప్తున్న సార్" అనేటోడు.

ఎండకాలం సెలవులిచ్చిన రాత్రే
కాజీపేట జంక్షన్ల ప్యాసింజరు ఎక్కేటోడు.
ఏ బండి ముందొస్తే అదే ఎక్కుతడని ఊళ్లె అనుకునేది.
అబద్ధం.
టైంటేబుల్ ఆయనకు రెండో ఎక్కం.
జూన్ల తిరిగొచ్చేసరికి
మొహం మాడి, చెప్పు తెగి,
గొంతు మాత్రం కొత్తది తెచ్చుకునేటోడు.
ఆ నెలన్నర
కంట్రోలు దుకాణం కాడ చక్కెర లైన్ల
రాజవ్వ ఒక్కతే నిలబడ్డది, సంకల పిల్లతోని.
సంతాప సభల ఈ మాట ఎవ్వరూ అనలె.
నేనూ అనలె.

నోటుబుక్కు తెరిస్తే
పాట అస్సామోళ్లదైనా గుజరాతోళ్లదైనా
అక్షరాలు మనయే.
పక్కపొంటి తారీఖు, పాడినోళ్ల పేరు, ఆ ఊళ్లె చాయ ధర.
ఒకచోట:
"ముసలామె. పేరు చెప్పలె. పండ్లు లేవు, శ్రుతి ఉన్నది.
చాయ ఆమెనే పోసింది."

సరిగమలు రాయరాదు సారుకు,
ఎవలు నేర్పిన్రని?
పాట మర్చిపోకుండ
ఎర్రసిరాతోని లైను లైనుకు తొవ్వ రాసుకున్నడు.
"ఈడ పద్మాక్షి గుట్ట ఎక్కుడు. ఎగబడొద్దు."
"ఈడ వడ్డేపల్లి కట్ట మీంచి సైకిలు. తొక్కుడు లేదు, జారుడే."
"బొందివాగు. వానకాలంది కాదు, మాఘమాసంది."
"మార్కెట్ల మిర్చి బస్తా ఇప్పిన్రు. గొంతు జర పగలాలె."
"రైలుగేటు పడ్డది. ఊపిరి పట్టు."

దేశమంత తిరిగినోడు
దేశాన్ని తెచ్చి
తన సైకిలు పోయేటంత మేరల దాసిపెట్టిండు.

మొన్న ఆయితారం
ఒంటెలామె పాట పట్టుకొని బయలెల్లిన.
గుట్టెక్కెతందుకు మోకాళ్లు ఒప్పుకోలె,
నడుమ మెట్టు మీద కూసొని కూనిరాగం తీస్తే
సెల్ఫీ దిగే పోరగాళ్లు ఒకల మొహాలొకలు చూసుకున్నరు.
అయినా మూడు లైన్లు దొరికినయి,
నిజంగ దొరికినయి,
ఆరో తరగతి గోడ సున్నం వాసనతోని సహా.
నాలుగో లైనుకు గేటు కాడికి పోవాలె.
పోతే గేటు లేదు.
పైనుంచి బ్రిడ్జి, కింద రైలు,
ఎవలూ ఎవలి కోసం ఆగేది లేదు.
ఊపిరి యాడ పట్టాలె సారూ?

ఆఖరి నోటుబుక్కుల ఆఖరి పాట
"అవ్వ, నాటేసేటప్పుడు" అని ఉన్నది.
తారీఖు లేదు, చాయ ధర లేదు,
ఎర్రసిరా చుక్క లేదు.
గుట్టా లేదు వాగూ లేదు, ఒట్టి మాటలే తొమ్మిది లైన్లు.
ఇదెట్ల మరుస్త అనుకున్నడేమో.
సుగుణక్కను అడిగితే
"ఇంట్ల ఎన్నడూ పాడలె" అన్నది.

ధర్మసాగర్ల ఈదమ్మ అని ఒకామె ఉన్నదట,
సారు వాళ్లవ్వతోని ఒక్క మడిల నాటేసినామె.
తొంబై దాటినయట, చెవులు పోయినయట,
పొద్దుగాల పూట మాత్రం తనల తాను ఏదో పాడుకుంటదట.

రేపు మొదటి బస్సుకు పోత.
సంచిల చాయపత్త పెట్టిన,
పావుకిల చక్కెర,
ఒక ఎర్రపెన్ను.