పదకొండో ప్రశ్న

ఈ ఊరికి ముప్పై అయిదు ప్రశ్నలతో వచ్చాను,
మూలన పిన్ను కొట్టినవి.
కనిగిరి దాటి, పామూరు రోడ్డు వదిలి,
జామాయిలు తోటల మధ్య దుమ్ము మింగుతూ జీపు
సబ్‌సెంటరు ముందు ఆగింది.
బుధవారం, టీకాల రోజు.
లోపల చంటిపిల్లల ఏడుపు,
బయట బోరింగు కింద
తెల్లగా చారికలు కట్టిన గచ్చు.

ప్రతి ప్రశ్న ఎదుటా మూడు గడులు:
ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా.
ఏదో చలిదేశంలో పుట్టిన ప్రశ్నలివి,
హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని
మేమే తెలుగు చొక్కా తొడిగాం.
"విచారము" అన్న మాట తేల్చడానికి
మా కమిటీకి రెండు నెలలు పట్టింది.
ఆశా కార్యకర్త జిలానీ బేగం ఒకసారి చదివి
"దిగులనండి మేడం,
విచారమంటే పోలీసోళ్ళు చేసేదనుకుంటారు" అంది.
కొట్టేసి, పైన దిగులు అని రాసుకున్నాను.

కొండమ్మ ఎదురుగా కూర్చుంది,
పొగాకు జిగటకి నల్లబడ్డ వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని.
తొమ్మిదేళ్ళ మాల్యాద్రి స్తంభం వెనక.

ఒంటరిగా ఉండటానికి ఇష్టపడతాడా?
"ఉండేది ఒకటే గది. ఒంటరిగా ఉండాలంటే
యాడికి పోవాలమ్మా వాడు?"

కారణం లేకుండా కాళ్ళు నొప్పులంటాడా?
ఇక్కడ ఆమె నన్ను తేరిపార చూసింది.
"కారణం లేకుండా ఎవరికమ్మా నొప్పులు, ఈ ఊళ్ళో?
మా మామ వంగిపోయి ఏడేళ్ళు.
ఆకాశం చూడాలంటే మంచంలో
పక్కకి తిరిగి పడుకోని చూస్తాడు."

పెన్ను "తరచుగా" మీద ఆగింది.
ఆ టిక్కుకి మా లెక్కలో అర్థం:
మనసులో బాధ ఒంట్లోకి దిగడం.
బోరులో బాధ ఎముకల్లోకి దిగితే
ఎక్కడ టిక్కు పెట్టాలో
మాన్యువల్లో లేదు.

పదకొండో ప్రశ్న. పిల్లవాడు నవ్వుతాడా?

"నవ్వుతాడు."
కాసేపాగి,
"చెయ్యి అడ్డం పెట్టుకోని నవ్వుతాడు."

ఉన్నవి మూడే గడులు.
చెయ్యి పట్టేది ఒక్కటీ లేదు.

బేగం వాడి బొంగరం గురించి ఏదో అంది.
నవ్వు రాకముందే చెయ్యి లేచింది,
దుమ్ము పడకముందే రెప్ప వాలినట్టు.
వేళ్ళ సందుల్లోంచి చూశాను,
తుప్పు మరకలూ సుద్ద గీతలూ పడ్డ పలువరస.
గచ్చుకి పట్టిందే వాడికీ పట్టింది.

అప్పుడు వాడు, ఆ చేతి చాటు నుంచే, అడిగాడు:
"మీదే ఊరు?"
"నెల్లూరు."
నా నోటి వైపు చూసి తలాడించాడు,
ముందే తెలిసినట్టు.
"పెన్న నీళ్ళు" అన్నాడు.

ఒకటే ప్రశ్న, గడులు కూడా లేకుండా.
నేను మూడేళ్ళుగా కొలుస్తున్న తేడాని
వాడు నా పళ్ళలో చదివేశాడు.
నేను నవ్వినప్పుడల్లా
నా నోట్లో ఒక ఏరు ఉందని
ఇన్నేళ్ళలో నాకెవరూ చెప్పలేదు.

మిగతావి గబగబా చదివాను.
మొత్తం ఇరవై ఏడు.
ఇరవై ఎనిమిది దగ్గర మేం గీత గీశాం.
గీతకి ఇవతల వాడు క్షేమం,
ఏ డాక్టరు దగ్గరికీ పంపనక్కర్లేదు.
పక్కనున్న ఖాళీలో "చెయ్యి అడ్డం పెట్టుకుని" అని రాశాను.
అంచుల్లో రాసినవి కంప్యూటరుకెక్కవు,
తెలిసే రాశాను.

"పాసయినాడా అమ్మా?" అంది కొండమ్మ లేస్తూ.
నాకు వచ్చిన తెలుగులో
జవాబు దొరకలేదు.

జీపు డ్రైవరు నా ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బాని
ఎండలోంచి నీడలోకి జరుపుతున్నాడు.
వరసలో తర్వాతి తల్లి కొంగు సర్దుకుంది.
గడప మీద జిలానీ బేగం
మిగిలిన నలభై కాగితాలూ ముందేసుకుని
ఒక్కొక్క దాంట్లో విచారము కొట్టేస్తోంది,
దిగులు, దిగులు, దిగులు అని
నీలం పెన్నుతో గుండ్రంగా రాసుకుంటూ.